నాయకుని నడవడి: మహారాజకుమార విజయానంద గజపతి

క్రీడారంగమున తప్పు చేసినవానికి శిక్ష తప్పదని లోకులనుకొందురు. అంపైరుతో వాదులాడిన యువకునికి జరిమానా విధింతురు. నోరుజారినవానిని కొన్ని పందెములకు దూరముగ నుంచుదురు. ధనము పుచ్చుకొని ఆటను అమ్ముకొన్నవానిని ఆటనుండియే వెడలగొట్టుదురు. ఇవన్నియు న్యాయమైన పనులే. వీనిని మేము కాదనుటలేదు. కాని ఈ శిక్షలన్నియు క్రిందివానికొరకు ఏర్పడినవి. జట్టును కూర్చి, నడిపి, కాపాడవలసిన నాయకుడే జట్టును చీల్చినచో వానిని శిక్షించువారెవరు? కంచెయే చేను మేసినప్పుడు కాపు ఎవరితో మొరపెట్టుకొనవలయును? ఆటగాండ్ర దుష్ప్రవర్తనమును గూర్చి చర్చ వచ్చినప్పుడెల్ల ఈ ప్రశ్న వెనుకకు నెట్టివేయబడుచున్నది.

దీనికి సమాధానము వెదకువారు దూరదేశముల చరిత్రలు తిరుగవేయనక్కరలేదు. మన యాంధ్రదేశపు రాజకుటుంబములలో నొకదానియందు జన్మించి, 1936లో ఇంగ్లండునకు భారతదేశపు క్రికెట్టు జట్టును గొనిపోయి, 1965లో గతించిన మహారాజకుమార విజయానంద గజపతిరాజుగారి జీవితమే చాలును. విజ్జీ యను ముద్దుపేరుతో వీరు క్రికెట్టు లోకమునకు పరిచితులు. విజయనగర సంస్థానమనగ మనకు సంగీతము, సాహిత్యము, విద్యాదానము జ్ఞప్తికి వచ్చును. కన్యాశుల్కమును అంకితము పొందిన ఆనందగజపతి ప్రభువుది ఆ యింటిపేరే. అట్టి యింటి బిడ్డ లోపములను త్రవ్వి పరిహసించుట మా యుద్దేశముగాదు. వంశగౌరవమును జూచి కప్పిపుచ్చుటయు మా పనిగాదు. ఆయన చేసిన మేలును, కీడును ఒకే త్రాసున తూచి చూపుట మాత్రమే మేము చేయదలచిన పని.

విజయానందులు 1905వ సంవత్సరము డిసెంబరు 28వ తేదీన కాశీ పట్టణమున జన్మించిరి. వీరు విజయనగర ప్రభువగు పూసపాటి విజయరామ గజపతిరాజుగారి ద్వితీయ పుత్రులు. అజ్మీరులో రాజకుమారులకై నెలకొల్పబడిన మేయో కళాశాలలో చదివిరి. పిదప ఇంగ్లండులోని హెయిలీబరీ పాఠశాలలో విద్యనభ్యసించిరి. ఆ రెండుచోట్లను క్రికెట్టు పాఠములతో సమానముగ నేర్పబడుచుండెను. 1922లో తండ్రి గతింపగ సంస్థానము జ్యేష్ఠులగు అలకనారాయణ గజపతిగారికి సంక్రమించెను. రెండవ కుమారునికి సింహాసనము లేదు. కాశీలోని కుటుంబపు ఆస్తిపాస్తులున్నవి, పుష్కలమైన ధనమున్నది, రాజలాంఛనముల నడుమ పెరిగిన మనస్సున్నది. పాలించుటకు రాజ్యము లేని రాజకుమారుడు తనకొక రాజ్యమును కల్పించుకొనగోరుట స్వభావసిద్ధము. విజ్జీగారికి ఆ రాజ్యము క్రికెట్టునందు దొరికెను.

1926 ప్రాంతమున వీరు స్వంత జట్టును కూర్చుకొనిరి. కాశీలోని తమ భవనపు ఆవరణలోనే ఆటస్థలమును సిద్ధపరచిరి. దేశమునందలి మంచి ఆటగాండ్రను, పరదేశపు ప్రసిద్ధులను ధనమిచ్చి రప్పించి తమ పక్షమున ఆడించిరి. 1930లో దేశమంతట ఉప్పు సత్యాగ్రహము సాగుచుండెను. ఆ కల్లోలమును జూచి ఇంగ్లండునుండి రావలసిన ఎం.సి.సి. జట్టు తన ప్రయాణమును మానుకొనెను. ఆ లోటును పూరింప విజ్జీగారు స్వయముగ నొక జట్టును కట్టి, ఇంగ్లండు మహావీరులగు జాక్ హాబ్సును, హెర్బర్టు సట్‌క్లిఫ్‌ను రప్పించి, హిందూదేశమునను సింహళమునను పందెములాడించిరి. పూర్వమెందరు పిలిచినను రాని హాబ్సు ఇరువదియైదేండ్ల యువకుని పిలుపునకు సమ్మతించుట సామాన్యమైన సంగతి గాదు. కొన్ని సంవత్సరముల పిదప వెస్టిండీసు వీరుడగు లియరీ కాన్‌స్టంటైన్‌ను సైతము ఈ దేశమునకు రప్పించిరి. ఆయన హైదరాబాదులోని మొయినుద్దౌలా బంగారు కప్పు పందెములలో ఆడగ మన ప్రజలు కన్నులార చూడగల్గిరి.

ఇది విజ్జీగారి గొప్పతనము. దీనిని ఎవరును కాదనజాలరు. ఆయనకు ఆటయందు అపారమైన ప్రేమ యుండెను. దానికై కోశమును విప్పు ఔదార్యముండెను. పదిమందిని కూడగట్టు నేర్పుండెను. ఇంతటితో తృప్తిపడియుండినచో భారత క్రికెట్టు చరిత్రమున వారి పేరు గొప్ప పోషకుని పేరుగ నిలిచియుండును. కాని పోషకునికి పీటవేసి పూజించినను, మైదానమున మొదట నడచువాడు నాయకుడే గదా! ఆ స్థానముమీద వారి కన్ను పడెను. ఆ స్థానమునకు వలసిన ఆట మాత్రము వారి చేతిలో లేకుండెను. వారు సామాన్యపు బ్యాటుదారు. ఈ రెంటికి నడుమనున్న అగాధమును ధనముతోను, పలుకుబడితోను పూడ్చబూనుటయే వారి జీవితమున సర్వానర్థములకును మూలమయ్యెను.

ఇచ్చట 1932వ సంవత్సరపు సంగతి యొకటి చెప్పవలసియున్నది. ఆ యేట మన జట్టు తొలిసారిగ ఇంగ్లండులో టెస్టు పందెమాడబోయెను. పోరుబందరు మహారాజును నాయకునిగ, లింబ్డీ రాజకుమారుని ఉపనాయకునిగ ఎన్నుకొనిరి. విజ్జీగారికి ఆ క్రింది ఉపనాయకత్వము లభింపగ, ఆరోగ్యము చాలదని వారు ఆ ప్రయాణమును విరమించుకొనిరి. పోరుబందరు మహారాజు గొప్ప ఆటగాడు కారు. ఆ పర్యటనలో వారు చేసిన పరుగులు వ్రేళ్లమీద లెక్కింపదగినవి. కాని తమ హద్దును వారెరిగిరి. లార్డ్సులో 1932 జూన్ 25వ తేదీన ఆరంభమైన ఆ ప్రథమ టెస్టున తాము తప్పుకొని, మన తెలుగువాడగు సి. కె. నాయుడుగారికి నాయకత్వమును వదలిరి. నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబమున జన్మించి, హోల్కారు సైన్యమున కర్నలైన నాయుడుగారు రాజులు కారు, జమీందారులు కారు. 1926లో బొంబాయిలో ఎం.సి.సి. జట్టుపై పదునొకండు సిక్సర్లతో 153 పరుగులు చేసిన వీరుడు మాత్రమే. కిరీటము గల మహారాజు కిరీటము లేని వీరునికి దారినిచ్చుట ఆ దినమున జరిగెను. ఆటలో నడవడి యనగ నేమో తెలియగోరువారికి ఇంతకు మించిన ఉదాహరణము వేరొకటి అక్కరలేదు.

విజ్జీగారు వేరొక మార్గమును త్రొక్కిరి. ఆ కాలమున క్రికెట్టు బోర్డులో పాటియాలా మహారాజుగారి మాట చెల్లుచుండెను. వారికిని, రాజప్రతినిధియగు విల్లింగ్డను ప్రభువునకును పొసగకుండెను. ఆ సందున విజ్జీగారు విల్లింగ్డనును ఆశ్రయించిరి. ఢిల్లీలోని ఫిరోజ్‌షా కోట్లా మైదానమున మండపమొకటి కట్టించి దానికి ఆ దొర పేరు పెట్టిరి. దేశీయ పందెములకు పాటియాలావారు రంజీ పేర బంగారు కప్పునిత్తుమనగ, విజ్జీగారు విల్లింగ్డను పేర మరియొక కప్పును ముందుకు తెచ్చిరి. కడకు రంజీ పేరే నిలిచెను. 1932 జనవరిలో గాంధీమహాత్ముని చెరయందుంచిన ప్రభుత్వమునకు అధినేతయైన దొరను స్తుతించి క్రికెట్టులో పెద్దరికమును సంపాదించుట దేశాభిమానులకు ఎంత వెగటు పుట్టించెనో వేరుగ చెప్పనక్కరలేదు. అయినను ఆ మార్గము ఫలించెను. 1936లో ఇంగ్లండు పర్యటనకు ముందుగ ఎన్నికైన పటౌడీ నవాబు అనారోగ్యముచే తప్పుకొనిరి. నాయకత్వము విజ్జీగారికి దక్కెను. కర్నల్ నాయుడు సామాన్య సభ్యునిగ వారి క్రింద ఆడవలసివచ్చెను.

ముప్పదియారు పెట్టెలతోను, ఇద్దరు సేవకులతోను నాయకులు ఓడయెక్కిరని చెప్పుదురు. అది రాజకుమారుని వేడుక యని ఉపేక్షింపవచ్చును. ఉపేక్షింపరానిది జట్టులోపల జరిగినది. ఆ జట్టు బలహీనమైనది కాదు. విజయ మర్చంటు, మష్తాక్ ఆలీ, సి. కె. నాయుడు, అమర్ సింగు, మహమ్మదు నిస్సారు, జహంగీరు ఖాను, లాలా అమర్నాథ్, మన కోటా రామస్వామి, ఇట్టివారు ఏ దేశపు జట్టుకైనను అలంకారము కాగలవారే. ఇట్టివారిని ఒక్క త్రాట కట్టవలసిన నాయకుడు వారిని రెండు తెగలుగ విభజించెను. తన్ను పొగడువారు ఒక తెగ. నాయుడుగారిని గౌరవించువారు మరియొక తెగ. మొదటివారికి కానుకలు, వినోదములు, రెండవవారికి అనాదరము. బ్యాటుచేయు వరుస నేడొక విధము, రేపొక విధము. ఆటగాండ్రు కొందరు వారములకొలది ఆట లేక కూర్చుండిరి. ఒక కౌంటీ నాయకునికి బంగారు గడియారమును బహూకరించి, తనకు సులువైన బంతులు వేయించుకొనెనను కథ సైతము నాడు వ్యాపించెను. నాయకుని గూర్చి అట్టి కథ పుట్టుటకును, పుట్టినదానిని జనులు నమ్ముటకును వీలు కలుగుటయే ఆ జట్టు దురవస్థను చాటుచున్నది.

లాలా అమర్నాథ్ ఆ జట్టులో అందరికంటె ముందంజ వేయుచుండెను. 1933 డిసెంబరులో బొంబాయిలో తన తొలి టెస్టుననే 118 పరుగులు చేసి, టెస్టులో శతకము కొట్టిన ప్రథమ భారతీయుడని కీర్తిగన్న యువకుడాతడు. 1936 పర్యటనలో ఎసెక్సు జట్టుపై రెండు ఇన్నింగ్సులందును నూరేసి పరుగులు చేసెను. జూన్ నడుమకు ఆతని లెక్క ఆరువందల పరుగులకు, ముప్పది వికెట్లకు మించెను. పంజాబీ పౌరుషము గలవాడు, మాట కటువు. నాయకునితో అంతకుముందును మాటపట్టింపులు వచ్చియుండెను. జూన్ నెలలో లార్డ్సులో మైనరు కౌంటీల జట్టుతో పందెము జరుగుచుండగ, బ్యాటు చేయుటకు సిద్ధపడుమని ఆతనికి చెప్పిరి. ఆతడు కాళ్లకు ప్యాడులు కట్టుకొని కూర్చుండెను. ఒక వికెట్టు పడగనే మరియొకని పంపిరి. మరల వికెట్టు పడగ మరల నింకొకని పంపిరి. నడుము నొప్పితో బాధపడుచున్న ఆతనికి విశ్రాంతియు లేదు, ఆటయు లేదు. ఆట ముగియవచ్చు తరుణమున పంపగ ఆతడు పోయి కొలదిసేపు నిలిచి తిరిగివచ్చెను. గదిలోనికి వచ్చి ప్యాడులను విసరికొట్టి, తన భాషలో ఏదో గొణిగెను.

ఇదియే ఆతని నేరము. ఇది నేరము కాదని మేము వాదింపము. జట్టులోనున్నవాడు నాయకుని యెదుట ఆగ్రహమును ప్రదర్శింపరాదు, సామానును విసరరాదు. మందలింపదగిన పనియే, క్షమాపణము కోరదగిన పనియే. జరిగినదేమి? నాయకుడును, జట్టు కార్యనిర్వాహకుడగు మేజర్ బ్రిటన్ జోన్సును కలసి ఆతనిని తక్షణమే స్వదేశమునకు పంపివేయ నిర్ణయించిరి. తోడి ఆటగాండ్రు అడ్డుపడి వేడుకొన్నను ఫలింపలేదు. కైజర్-ఇ-హింద్ అను ఓడమీద ఆతడు ఒంటరిగ తిరిగివచ్చెను. ప్రథమ టెస్టునకు కొలది దినములే మిగిలియుండెను. విచారణ లేదు, సాక్ష్యము లేదు, పైవారికి అప్పీలు లేదు. ఫిర్యాది యెవరో న్యాయాధిపతియు వారే. చిన్నదియగు అవిధేయతకు పెద్దదియగు శిక్ష. దేశము చెల్లించిన మూల్యము అంతకంటె పెద్దది.

ఆ మూల్యమును 1936 జూన్ 27వ తేదీన లార్డ్సులో మొదలైన టెస్టుననే చూడవచ్చును. మనవారు 147 పరుగులకు ముగిసిరి. అమర్ సింగు 35 పరుగులిచ్చి ఆరు వికెట్లు తీయగ ఇంగ్లండు 134 పరుగులకే కూలెను. ఇంగ్లండు గడ్డపై, లార్డ్సు మైదానమున, మన జట్టు పదమూడు పరుగులు ముందుండుట! రెండవ ఇన్నింగ్సున స్థిరముగ నిలిచి ఆడువాడొక్కడున్నచో పందెము మలుపు తిరిగెడిది. అందుకు తగినవాడు సముద్రముమీద ఓడలో నుండెను. మనవారు 93 పరుగులకే ముగిసిరి. ఇంగ్లండు తొమ్మిది వికెట్లతో గెలిచెను. అమర్నాథ్ ఉండినచో గెలుపు మనదే యని మేము చెప్పజాలము. ఆటలో అట్టి జోస్యములు చెల్లవు. గెలువగల అవకాశమును నాయకుడే తన చేతితో ఓడయెక్కించి పంపెననుట మాత్రము నిజము.

జూలైలో మాంచెస్టరున రెండవ టెస్టు జరిగెను. ఆ కాలముననే విజ్జీగారు సర్ బిరుదమును పొందిరి. మొదటి ఇన్నింగ్సున మనవారు 203 పరుగులు చేయగ ఇంగ్లండు ఎనిమిది వికెట్లకు 571 పరుగులు చేసి ఆటను ముగించెను. ఓటమి తప్పదనుకొన్న ఆ సాయంకాలమున మర్చంటును, మష్తాక్ ఆలీయు ఒక వికెట్టైనను పోనీయక 190 పరుగులు చేసిరి. ఆ దినమున ఇరుపక్షములును కలసి చేసిన 588 పరుగులు టెస్టు చరిత్రమున ఒకే దినపు పరుగులలో నేటికిని అత్యధికములు. మరునాడు వారి భాగస్వామ్యము 203 వరకు సాగెను. మష్తాక్ 112, మర్చంటు 114 చేసిరి. విదేశమున టెస్టు శతకము చేసిన ప్రథమ భారతీయుడు మష్తాక్ ఆలీయే. నలుబదియేండ్ల వయసున తొలి టెస్టాడిన కోటా రామస్వామిగారు రెండు ఇన్నింగ్సులలో 40, 60 చొప్పున పరుగులు చేసి మన పరువును కాపాడిరి. పందెము సమమయ్యెను.

ఇంతటి వీరకృత్యము వెనుక నొక చేదు కథ కలదు. మర్చంటు నాయకుని విమర్శించువారిలోనివాడు. కావున ఆతనిని పరుగు తీయుటలో తికమకపెట్టి రనౌటు చేయించినచో బంగారు గడియారమిత్తునని మష్తాక్ ఆలీకి నాయకుడు ఆశచూపెననియు, మష్తాక్ ఆ సంగతిని మర్చంటునకే చెప్పివేసి నవ్వుకొనెననియు ఆ జట్టువారి వలన తరువాతి కాలమున లోకమునకు తెలిసినది. ఒకడు హిందువు, ఒకడు ముసల్మాను. ఒకడు బొంబాయివాడు, ఒకడు ఇందూరువాడు. నాయకుడు వారి నడుమ ద్రోహమును విత్తజూడగ వారు నమ్మకముతో జోడు కట్టి ఆడిరి. ఆ దినమున మనదేశపు పరువును నిలిపినది నాయకత్వము కాదు. నాయకత్వమును లెక్కచేయని స్నేహము.

ఆగస్టున ఓవలులో మూడవ టెస్టు. ఈ పందెమునకు బాకా జిలానీ యను బౌలరును తీసికొనిరి. ఆతడు కేవలము అనర్హుడు కాడు. రంజీ పందెములలో తొలి హ్యాట్రిక్కు ఆతనిదే. కాని ప్రాతఃకాలపు భోజనశాలలో అందరి యెదుట నాయుడుగారిని అవమానించినందుకు బహుమానముగ ఆతనికి ఆ స్థానము లభించెనని జట్టులో నందరును చెప్పుకొనిరి. ఆతడాడిన టెస్టు అదొక్కటే. ఆ స్థానమును ఆశించి నిరాశపడిన షూటే బెనర్జీకి టెస్టాడు భాగ్యము 1949 ఫిబ్రవరిలో గాని కలుగలేదు. అప్పటికి ఆతడు ముప్పదియేడేండ్లవాడు. ఆతనికిని అదొక్కటే టెస్టు. ఓవలులో ఇంగ్లండు ఎనిమిది వికెట్లకు 471 పరుగులు చేసెను. అందు హామండువే 217. రెండవ ఇన్నింగ్సున నాయుడుగారు గబ్బీ ఆలెన్ బంతి దెబ్బను శరీరముపై భరించి, నొప్పిని దిగమ్రింగి 81 పరుగులు చేసిరి. అది వారి చివరి టెస్టు. అవమానమునకు వారు నోటితో బదులు చెప్పలేదు, బ్యాటుతో చెప్పిరి. మన జట్టు తొమ్మిది వికెట్లతో ఓడెను. మూడు టెస్టులలో నాయకుని పరుగులు మొత్తము 33.

జట్టు తిరిగివచ్చిన పిదప దేశమంతట గగ్గోలు పుట్టెను. బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తియగు సర్ జాన్ బోమాంటు అధ్యక్షతన విచారణసంఘము కూర్చుండెను. 1937 జనవరిలో వారి నివేదిక వెలువడెను. నాయకునికి మైదానమున ఆటగాండ్రను నిలుపు విధము గాని, బౌలర్లను మార్చు సమయము గాని తెలియదనియు, బ్యాటింగు వరుసకు నియమమే లేకపోయెననియు, మంచి ఆటగాండ్రు వారములు వారములు పనిలేక కూర్చుండిరనియు, జట్టులో తన పక్షమును తానే కల్పించుకొనెననియు ఆ నివేదిక తేల్చెను. అమర్నాథ్‌పై మోపిన నేరములు నిలువలేదు.

న్యాయము జరిగెను. కాని ఎప్పుడు? శిక్ష జూన్‌లో, విచారణ జనవరిలో. శిక్షకు పిదప వచ్చు విచారణ ఎండిన చేనికి కురిసిన వానవంటిది. పోయిన మూడు టెస్టులు తిరిగిరావు. పిదప యుద్ధము వచ్చెను. 1946 వరకు మన జట్టునకు టెస్టులే లేకపోయెను. 1934లో టెస్టాడిన అమర్నాథ్ మరల టెస్టాడినది 1946లోనే. ఇరువదిరెండేండ్ల ప్రాయమున సాగవలసిన ఆట ముప్పది దాటిన పిదప తిరిగి మొదలయ్యెను. 1947-48లో స్వతంత్ర భారతదేశపు ప్రథమ జట్టునకు నాయకుడై ఆస్ట్రేలియాకు పోవు గౌరవము ఆతనికి దక్కుట దైవము చేసిన పరిహారమని తలచవచ్చును; చేసినవాడు చేసిన పరిహారము గాదు.

విజ్జీగారి సంగతి యేమి? వారికి శిక్ష లేదు, జరిమానా లేదు, నిషేధము లేదు. నివేదిక తరువాత వారు తమంతట తాము క్రికెట్టునకు దూరమై చాలకాలము మిన్నకుండిరి. 1947లో ఆంగ్లేయులిచ్చిన సర్ బిరుదమును విడిచిపెట్టిరి. ఉత్తరప్రదేశమున ఆటను పెంపొందించు పనితో వారు తిరిగి వెలుగులోనికి వచ్చిరి. కాన్పూరు టెస్టు కేంద్రమగుటకు పాటుపడిరి. 1954 మొదలు 1957 వరకు క్రికెట్టు బోర్డు అధ్యక్షులుగ నుండిరి. 1958లో పద్మభూషణ బిరుదమును పొందిరి. 1960లోను, మరల 1962లోను విశాఖపట్టణమునుండి లోకసభకు ఎన్నికై, ఏ రాజ్యమునకు తాము వారసులు కాకపోయిరో ఆ గడ్డకే ప్రజల ప్రతినిధియైరి. 1959లో మన జట్టు ఇంగ్లండునకు పోగ బి.బి.సి.లో అతిథి వ్యాఖ్యాతగ మాటలాడిరి. వేటలో మూడువందలకు పైగ పులులను చంపితినని చెప్పుకొనెడివారట. ఒక వెస్టిండీసు ఆటగాడు ఆ మాట విని, వ్యాఖ్యానమును రేడియోలో వినిపించి పులులను విసుగుతోనే చంపియుందురని పరిహసించెనట. నలుగురు నవ్వుకొను ఈ కథలో నవ్వురాని సంగతి యొకటి గలదు: ఒకనాడు భారతదేశపు జట్టునకు నాయకుడైన పెద్దమనిషిని గూర్చి లోకము ఇట్లు మాటలాడుటకు జంకకుండెను.

ఈ చివరి భాగమున మా మనస్సును కదిలించు ఘట్టమొకటి కలదు. ఇరువది సంవత్సరముల క్రింద ఏ నాయుడుగారిని అవమానింపజేసిరో, ఆ నాయుడుగారినే విజ్జీగారు ఉత్తరప్రదేశమునకు పిలిచి తమ జట్టునకు నాయకత్వము వహింపుమని కోరిరి. అరువదియేండ్లు దాటిన కర్నల్ నాయుడు ఆ పిలుపును మన్నించి 1956-57లో రంజీ పందెములాడిరి. ఇంగ్లండులో ఈయబడని నాయకత్వమును, ఈయవలసినవారే, ఆలస్యముగ, చిన్న రంగమున ఈయవలసివచ్చెను. దీనిని పశ్చాత్తాపమనుటకు మాకు అధికారము లేదు. మనస్సులోని మాటను వారెన్నడును వెల్లడింపలేదు. కాని పని మాటకంటె పెద్దది. మొదటినుండియు పోరుబందరు మహారాజువలె ప్రవర్తించియుండినచో 1936 నాటి చరిత్ర వేరుగ నుండెడిదని ఈ ఘట్టమే సాక్ష్యమిచ్చుచున్నది. ఇచ్చుగుణము వారియందు లేకపోలేదు. ఇయ్యవలసిన దినమున ఇయ్యలేదు.

1965 డిసెంబరు 2వ తేదీన, అరువదియేండ్లు నిండుటకు కొలది దినములుండగ, జన్మించిన కాశీలోనే వారు గతించిరి. విశ్వవిద్యాలయముల జట్ల నడుమ జరుగు పందెములకు వారి పేర విజ్జీ ట్రోఫీ నేర్పరచిరి. యువకులకు ఆ పేరు స్మరణీయమగుట మంచిదే. హాబ్సును, కాన్‌స్టంటైన్‌ను మన కన్నులకు చూపిన మనిషికి ఆ పాటి జ్ఞాపకచిహ్నము న్యాయమే. కాని ఆ కప్పునెత్తు యువకుడు రెండు కథలను వినియుండవలయును: కూడగట్టిన విజ్జీ కథను, చీల్చిన విజ్జీ కథను.

ఇప్పుడు మేము మొదట వేసిన ప్రశ్నకు వత్తము. నాయకుడు తప్పు చేసినచో శిక్షించువారెవరు? విజ్జీగారిని నియమములు శిక్షింపలేదు, లోకము శిక్షించెను. జీవితమున ముప్పది యేండ్లు ఆటకొరకు ధనమును, శ్రమను ధారపోసిన మనిషిని లోకము ఒక్క వేసవికాలపు నడవడిని బట్టి తలచుకొనుచున్నది. సేవను మరచి గడియారమును స్మరించుచున్నది. ఇది కఠినమైన శిక్షయే. అయినను లోకనింద యను ఈ శిక్షయందు రెండు లోపములున్నవి. అది చాల ఆలస్యముగ వచ్చును. నష్టపడినవానికి దానివలన లాభము కలుగదు. అమర్నాథ్ యౌవనమును గాని, బెనర్జీ నిరీక్షించిన పండ్రెండేండ్లను గాని, నాయుడుగారికి చెందవలసిన నాయకత్వమును గాని అది తిరిగి తెచ్చియీయలేదు.

కావున క్రీడాసంస్థలను నడుపువారికి మేము మూడు మాటలు విన్నవించుచున్నాము. శిక్షకు ముందు విచారణ జరుగవలయును. శిక్షించువాడు ఫిర్యాది కారాదు. నాయకత్వము ఆటకును, గుణమునకును దక్కవలయును గాని ధనమునకును, ప్రాపకమునకును దక్కరాదు. క్రిందివాని నోటిదురుసును పట్టుకొనునప్పుడు, ఆ నోరు తెరువజేసినదెవరని పైకి కన్నెత్తి చూడవలయును. ప్యాడులు విసరిన చప్పుడు గదిలోని వారందరికిని వినబడును. పక్షములు కట్టిన చప్పుడు ఎవరికిని వినబడదు. జట్లు కూలునది ఎక్కువగ ఈ రెండవదాని వలననే. రాజులు పోయిరి, రాజప్రతినిధులు పోయిరి; కాని పదవి చేతికందినప్పుడు తన హద్దును తానెరుగుట యను పరీక్ష నేటికిని పోలేదు. పోరుబందరు మహారాజు ఆ పరీక్షలో నెగ్గిరి. విజయనగర రాజకుమారుడు ఓడిరి. మన యువకులు ఆ యిద్దరిని పక్కపక్కన నిలిపి చూచినచో ఆటగాని నడవడిని గూర్చి తెలియవలసినది తెలియును.